రెండేళ్ళుగా ఒకే టీమ్, ఇంట్లో చావు జరిగితే ఎవరికీ తెలియలేదు. మీ రిమోట్ టీముల్లో మనుషుల్ని ఎలా కలిపి ఉంచుతున్నారు?

మునేరు_గట్టు
మాది 14 మంది టీమ్. ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది గానీ 2020 మార్చి లాక్‌డౌన్ తర్వాత మా ప్రాజెక్టు వాళ్ళెవరూ వెనక్కి వెళ్ళలేదు. నేను ఖమ్మంలో ఉంటాను. మిగతావాళ్ళు విశాఖ, తిరుపతి, కరీంనగర్, భువనేశ్వర్, ఇలా తలో ఊరు. నేను లీడ్ అయి నెలన్నర అవుతోంది.

మొన్న సోమవారం స్టాండప్‌లో (రోజూ ఎవరి పని సంగతి వాళ్ళు చెప్పుకునే చిన్న కాల్) జరిగింది చెప్తాను. రెండు వారాల సెలవు తర్వాత ఒక కుర్రాడు జాయిన్ అయ్యాడు. మామూలుగా కెమెరా పెట్టడు. ఆ రోజు స్క్రీన్ షేర్ చేయబోతే పొరపాటున కెమెరా ఆన్ అయింది. గుండుతో ఉన్నాడు. నేను నవ్వుతూ "తిరుపతి వెళ్ళొచ్చావా, లడ్డూ ఏదీ?" అన్నాను. ఇంకో ఇద్దరు "మాకూ పంపాలి" అన్నారు. అతను ఒక్క క్షణం ఆగి, "లేదండీ, నాన్నగారు పోయారు. మొన్ననే పదకొండో రోజు అయింది" అన్నాడు. అని, వెంటనే తన టికెట్ (అప్పగించిన పని) సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఒకావిడ మ్యూట్ తీసింది, ఏమనాలో తెలియక మళ్ళీ పెట్టేసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా టీమ్‌కి రోజూ గుడ్ మార్నింగ్ చాట్ ఉంది. శుక్రవారం 5 గంటలకి తంబోలా, అంత్యాక్షరి ఉన్నాయి. పుట్టినరోజు వస్తే కేక్ బొమ్మ వస్తుంది. ఇన్ని పెట్టుకుని, ఒక మనిషి తండ్రి పోతే దాదాపు రెండు వారాలు ఎవరికీ తెలియలేదు. మీ టీముల్లో ఏం చేస్తున్నారో నిజంగా తెలుసుకోవాలని ఉంది.

పలాస_జీడిపప్పు
చదువుతుంటే గుండె కలుక్కుమంది. ముందు ఒక్కటి చెప్పండి, ఆ అబ్బాయికి ఫోన్ చేశారా? చాట్ కాదు, ఫోన్.

మునేరు_గట్టు
@పలాస_జీడిపప్పు ఇంకా లేదండి. "సారీ, తెలియలేదు" అని మెసేజ్ పెట్టాను. "పర్లేదండీ" అన్నాడు. లడ్డూ అడిగిన నోటితో ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తెలియడం లేదు.

పలాస_జీడిపప్పు
ఇవాళే చేయండి. "ఎలా జరిగింది బాబూ?" అని అడిగి ఊరుకోండి. మిగతాది అతనే చెప్తాడు.

టెస్టర్_రావు
నేను కొంచెం వేరేగా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఆఫీసంటే పని. ఇంట్లో సంగతులు టీమ్‌కి చెప్పి తీరాలని రూలేమీ లేదు. ఆ అబ్బాయి కావాలనే చెప్పలేదేమో. 2022లో మా అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు నేనూ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఒక్కొక్కరూ "అమ్మ ఎలా ఉన్నారు" అని అడుగుతారు, అదే సమాధానం పది మందికి పది సార్లు చెప్పాలి. హాస్పిటల్ వరండాలో కూర్చున్నవాడికి ఆ ఓపిక ఉండదు. "మనమంతా ఒక కుటుంబం" అనే కంపెనీలో చేశాను. ప్రాజెక్టు పోగానే ఆ కుటుంబంలో సగం మందిని ఒక్క మధ్యాహ్నం కాల్‌లో పంపేశారు. అప్పట్నుంచీ ఆ మాట వింటేనే భయం.

కోనసీమ_కోడ్
కుటుంబం మాట దగ్గర రావు గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

నల్లగొండ_నిర్మల
రావు గారూ, చెప్పకపోవడం మీ ఇష్టం, దాన్నెవరూ కాదనరు. చెప్పుకోవాలని ఉన్నా చెప్పుకునే మనిషి లేకపోతే అది వేరే బాధ. ఆఫీసులో ఉన్నప్పుడు కొన్ని సంగతులు నోరు విప్పకుండానే తెలిసిపోయేవి. నేను మూడు రోజులు వరసగా క్యాంటీన్‌కి వెళ్ళలేదు ఒకసారి. నాలుగో రోజు పక్క సీటు అక్క తన బాక్స్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, పెరుగన్నం కలుపుతూ "ఏమైంది నీకు?" అంది. అప్పటికి మా ఇంట్లో కూడా చెప్పని సంగతి ఆవిడకే మొదట చెప్పాను. ఇప్పుడు నేను నాలుగు రోజులు తినకపోయినా స్టాండప్‌లో నా పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతూనే ఉంటుంది.

అనకాపల్లి_బెల్లం
దీనికి ఇంత చర్చ ఎందుకండీ? వారానికి అయిదు రోజులు ఆఫీసుకి పిలవండి, అన్నీ సర్దుకుంటాయి. పెద్ద పెద్ద కంపెనీలే పిలిచేస్తున్నాయి. అమెజాన్ 2025 జనవరి నుంచి అయిదు రోజులూ రమ్మంది. వాళ్ళకి తెలియకనా?

కోనసీమ_కోడ్
@అనకాపల్లి_బెల్లం మీకు సర్దుకుంటుందేమో, నాకు సర్దుకోదు. అంబాజీపేట దగ్గర మా ఇంట్లోంచి పని చేస్తున్నాను. నాన్నకి పక్షవాతం. పొద్దున ఆయనకి ఫిజియోథెరపీ చేయించి, స్నానం చేయించి 10కి లాగిన్ అవుతాను. హైదరాబాద్ రమ్మంటే ఉద్యోగమో, నాన్నో, ఒకటి వదులుకోవాలి. నాలాంటివాళ్ళు ప్రతి టీమ్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు, పైకి చెప్పరంతే.

లెక్కల_మాస్టారు
రెండు పక్షాలకీ పనికొచ్చేది ఒకటి ఉంది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్, మరికొందరు చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో 249 మంది మీద తొమ్మిది నెలలు పరిశీలన చేశారు. ఇంటి నుంచి పని చేస్తామని ముందుకొచ్చినవాళ్ళని లాటరీ వేసి, కొందరిని ఇంటికి పంపారు, కొందరిని ఆఫీసులోనే ఉంచారు. ఇంటి నుంచి చేసినవాళ్ళ పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవాళ్ళు సగానికి తగ్గారు. ఇంతవరకే అందరూ చెప్తారు.

పరిశీలన అయ్యాక "ఇక మీ ఇష్టం" అని కంపెనీ అడిగితే, ఇంటి నుంచి చేసినవాళ్ళలో దాదాపు సగం మంది తిరిగి ఆఫీసుకి వచ్చేశారు. ముఖ్యంగా చెప్పిన కారణం ఒంటరితనం. పని బాగా జరుగుతోంది, రానూపోనూ ప్రయాణం లేదు, అయినా మనుషులు కావాలనిపించింది.

అదే కంపెనీలో తర్వాత 1,612 మందితో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేయించి చూశారు. 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. పని ఏమీ తగ్గలేదు, మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు. అయిదు రోజులూ పిలిస్తేనే బాగుపడతాం అన్నది ఈ లెక్కల్లో ఎక్కడా తేలలేదు.

అనకాపల్లి_బెల్లం
చైనా లెక్కలు మనకెలా సరిపోతాయి మాస్టారూ? అక్కడ ఆఫీసుకి వెళ్తే కనీసం పని కలిసి చేస్తారు.

లెక్కల_మాస్టారు
కలిసి చేయడం గురించే ఇంకోటి. ఎంఐటీలో థామస్ ఆలెన్ 1970ల్లోనే ఇంజనీర్లని గమనించాడు. ఇద్దరి సీట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు పడిపోతాయి. యాభై మీటర్లు దాటితే ఒకే బిల్డింగ్‌లో ఉన్నా మాట్లాడుకోవడం దాదాపు లేనట్టే. నాలుగో అంతస్తు వాళ్ళకి ఏడో అంతస్తు వాళ్ళ పేర్లు తెలియని ఆఫీసులో నేనే ఆరేళ్ళు చేశాను. ఆఫీసుకి పిలిచినంత మాత్రాన ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్నది తేలదు.

సంకటి_ముద్ద
మా ఆఫీసుకి వెళ్ళి చూడండి మాస్టారూ. అందరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పక్క సీటు వాడితో చాట్‌లోనే మాట్లాడతారు 😄

కొత్త_కుర్రాడు_24
నేను 2024లో కాలేజీ నుంచి నేరుగా రిమోట్ ఉద్యోగంలో చేరాను. లాప్‌టాప్ కొరియర్‌లో వచ్చింది. మొదటి రోజు ఒక గంట కాల్, తర్వాత అరవై పేజీల పీడీఎఫ్. రెండు నెలలు నరకం. డౌట్ వస్తే చాట్‌లో టైప్ చేసేవాణ్ణి, మళ్ళీ చదువుకునేవాణ్ణి, ఇంత చిన్నది అడిగితే ఏమనుకుంటారో అని చెరిపేసేవాణ్ణి. అరగంటలో తేలే పనికి రెండు రోజులు పట్టేది.

నన్ను బయటపడేసింది ఒక సీనియర్. ఆయన రోజూ 3 నుంచి 4 వరకు ఒక కాల్ తెరిచి ఉంచేవారు. మీటింగ్ కాదు, ఎజెండా లేదు. ఆయన పని ఆయన చేసుకుంటారు, ఎవరికైనా కావాలంటే వచ్చి కూర్చోవచ్చు. నేను మైక్ ఆపుకుని ఊరికే కూర్చునేవాణ్ణి. ఒక రోజు ఆయన తనలో తాను గొణుక్కుంటున్నారు. "ఇదేంటి, నిన్న వచ్చింది ఇవాళ రావడం లేదు... ఓహో, ఇక్కడ నేనే తప్పు రాశాను" అని. పన్నెండేళ్ళ అనుభవం ఉన్నాయన తన తప్పు తను వెతుక్కోవడం చెవులారా విన్నాను. మర్నాటి నుంచి అడగడానికి భయం పోయింది.

పలాస_జీడిపప్పు
@కొత్త_కుర్రాడు_24 ఆ సీనియర్‌కి దణ్ణం పెట్టాలి. రేపట్నుంచి మా టీమ్‌లోనూ పెడతాను ఇది.

నల్లగొండ_నిర్మల
ఆ గంట మేనేజర్ల క్యాలెండర్‌లో కనబడితే "ఇదేం మీటింగ్" అంటారు, జాగ్రత్త. ఆయన ఎంత పోరాడి ఉంచుకున్నారో.

కొత్త_కుర్రాడు_24
నిజమే అక్కా. రెండు సార్లు తీసేయమన్నారట. "ఈ గంట వల్ల నా చాట్‌లో రోజుకి ఇరవై మెసేజ్‌లు తగ్గాయి" అని చూపించి ఉంచుకున్నారు.

మనుషుల_శాఖ
నేను హెచ్‌ఆర్‌లో పదకొండేళ్ళుగా ఉన్నాను. శుక్రవారం తంబోలాలు పెట్టేది మేమే కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. ఉద్యోగులు ఎంత ఇష్టంగా పనిచేస్తున్నారో చూసే ఎంగేజ్‌మెంట్ సర్వేలో మార్కులు తగ్గితే పైనుంచి "ఏదైనా చేయండి" అంటారు. ఆట పెట్టడం తేలిక. ఎన్ని ఆటలు పెట్టాం, ఎంతమంది వచ్చారు అని రిపోర్టు ఇవ్వవచ్చు. ఫలానా లీడ్ తన టీమ్‌లో ఒకరి బాధ ముందే కనిపెట్టాడని ఏ రిపోర్టులో రాయాలి? ఆ గడే ఉండదు.

మునేరు_గట్టు గారి సంగతిలో నాకు అనుమానం ఉన్నది లీవ్ పోర్టల్ మీద. చాలా చోట్ల కారణం దగ్గర "పర్సనల్" అని ఒకటే ఉంటుంది. సిస్టమ్ అప్రూవ్ చేసేస్తుంది. మనిషి దాకా వార్త రాదు. మా దగ్గర రెండేళ్ళ కింద ఒక చిన్న మార్పు చేశాం. ఎవరైనా ముందు చెప్పకుండా వరసగా మూడు రోజులు సెలవు పెడితే, లీడ్ ఫోన్ చేసి "అంతా బాగేనా, ఏమైనా కావాలా" అని అడగాలి. కారణం అడగకూడదు. చెబితే వినాలి. చెబితే కూడా, "టీమ్‌కి చెప్పమంటారా, వద్దా" అని అడిగి తీరాలి. రావు గారు చెప్పిన ఇబ్బంది దీంతో తప్పుతుంది.

టెస్టర్_రావు
ఈ పద్ధతికి నా అభ్యంతరం లేదు. టీమ్‌కి చెప్పాలా వద్దా అని అడగడమే నాకు ముఖ్యం. "అతన్ని ఎవరూ అడగొద్దు, కుదిరినప్పుడు అతనే చెప్తాడు" అని లీడ్ ఒక మాట పెడితే నాలాంటివాడికి అదే పెద్ద సాయం.

డల్లాస్_నైట్‌షిఫ్ట్
అటువైపు నుంచి నా మాట. నేనిక్కడ ఒక్కణ్ణి, టీమ్ అంతా హైదరాబాద్, వరంగల్. నా ఉదయం 9 అంటే మీకు సాయంత్రం 7:30. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారం వెనక్కి తిప్పగానే అదే మీటింగ్ మీకు 8:30 అవుతుంది. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. నాలుగేళ్ళు నాకు ఆ సంగతి పట్టలేదు. ఒక రోజు ఒకావిడ మాట్లాడుతుంటే వెనక పాప "అమ్మా, ముద్ద పెట్టు" అని ఏడుస్తోంది. ఆవిడ మ్యూట్ పెట్టి, ముద్ద పెట్టి, మ్యూట్ తీసి, "సారీ, గో అహెడ్" అంటోంది. చలికాలం అంతా ఆ పాప అన్నం టైమ్‌లో నేను మీటింగ్ పెట్టానని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నవంబర్ నుంచి మార్చి దాకా నేను ఉదయం 7:30కే లేచి చేస్తున్నాను. మీకు 7 గంటలు. పొద్దున్నే లేవడం కష్టమే, అయినా సరే.

సంకటి_ముద్ద
@డల్లాస్_నైట్‌షిఫ్ట్ మీలాంటి ఆన్‌సైట్ ఒక్కరుంటే మా బతుకులు బాగుపడును. మా ఆన్‌సైట్ ఆయన "కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అని 10:30కి పెడతాడు.

బీపీవో_పదేళ్ళు
మీరందరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళు. మా బీపీవో సంగతి వేరు. 2020కి ముందు ఓఎస్‌పీ నిబంధనల (కాల్ సెంటర్ల లాంటివాటికి టెలికాం శాఖ పెట్టినవి) వల్ల మాకు ఇంటి నుంచి పని అన్నది పేపర్ మీద ఉన్నా జరిగే పని కాదు. ఆ మార్చిలో టెలికాం శాఖ తాత్కాలికంగా వదులు ఇచ్చింది, నవంబర్‌లో ఆ నిబంధనలే మార్చేసింది. మాకు స్వేచ్ఛ వచ్చిందనుకున్నాం. దాంతోపాటు మౌస్ కదిలిందా లేదా చూసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. అయిదు నిమిషాలు మౌస్ కదలకపోతే సూపర్‌వైజర్‌కి అలర్ట్. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా టెన్షన్. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి పక్కన తమ్ముణ్ణి కూర్చోబెట్టి మౌస్ కదిపించేది.

అదే కంపెనీ నెలకోసారి "మనసు విప్పి మాట్లాడండి" అని సెషన్ పెట్టింది. రికార్డ్ అవుతోందని స్క్రీన్ మీద ఎర్ర చుక్క. అందరూ "అంతా బాగుంది సార్" అన్నారు.

నల్లగొండ_నిర్మల
తమ్ముడు మౌస్ కదపడం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ అమ్మాయి ఇప్పుడెలా ఉంది?

బీపీవో_పదేళ్ళు
మానేసి బీఈడీ చేసింది. ఇప్పుడు టీచర్. హాయిగా ఉంది.

కోనసీమ_కోడ్
కెమెరా తప్పనిసరి చేసే టీములు కూడా దాదాపు ఇలాంటివే. మాది పెంకుటిల్లు, ఒకే హాలు, వెనక నాన్న మంచం. అది పది మందికి కనబడటం నాకు ఇష్టం లేదు, నాన్నకీ ఇష్టం లేదు. మా లీడ్ ఒకసారి అడిగి ఊరుకున్నాడు, మంచివాడు. మా ఇంటి కోడి మాత్రం మ్యూట్ తీసినప్పుడల్లా కూస్తుంది. జర్మనీ క్లయింట్ ఒకాయన ఓ రోజు "దాని పేరేంటి?" అని అడిగాడు. పేరు లేదన్నాను. వాళ్ళే ఓటింగ్ పెట్టి హెల్ముట్ అని పెట్టారు. ఇప్పుడు అది కూయకపోతే "హెల్ముట్ బాగుందా?" అని అడుగుతారు. నాన్న కూడా మంచం మీద నుంచి "ఒరేయ్, నీ హెల్ముట్ వచ్చాడు" అంటారు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వడం నేను చూసింది తక్కువ.

సంకటి_ముద్ద
హెల్ముట్‌ని సంక్రాంతికి జాగ్రత్తగా దాచండి 😄

లెక్కల_మాస్టారు
కెమెరా గురించి ఒక చిన్న ఉపాయం. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో కాల్స్ వల్ల ఎందుకు అలసిపోతామో రాశాడు. అందులో ఒక కారణం, రోజంతా మన మొహం మనకే కనబడటం. ఎదురుగా అద్దం పెట్టుకుని ఎనిమిది గంటలు ఎవరు మాట్లాడతారు? సెట్టింగ్స్‌లో మన బొమ్మ మనకి కనబడకుండా పెట్టుకోవచ్చు. నాకు సాయంత్రం తలనొప్పి తగ్గింది.

సంకటి_ముద్ద
సరదాలు పక్కన పెట్టి ఒకటి అడగాలి. మునేరు_గట్టు గారూ, మీ టీమ్‌లో భువనేశ్వర్ అన్నారు. వాళ్ళకి తెలుగు వచ్చా? నేను పుణెలో మరాఠీ టీమ్‌లో రెండేళ్ళు చేశాను. అందరూ మంచివాళ్ళు, కడుపు నిండా నవ్వుకునేవాళ్ళు, నాకు ఒక్క జోకూ అర్థమయ్యేది కాదు. ఆఫీసులో అయితే మొహాలు చూసి నవ్వొచ్చు. కాల్‌లో గొంతులే కదా, ఎప్పుడు నవ్వాలో కూడా తెలిసేది కాదు. కొన్నాళ్ళకి శుక్రవారం సరదా గంటకి "నెట్ బాలేదు" అని చెప్పి మానేశాను.

మునేరు_గట్టు
@సంకటి_ముద్ద మీరు అడిగాక ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ఆ అమ్మాయి ఒడియా. మేం ఆడే అంత్యాక్షరి తెలుగు పాటలతో. నాలుగు నెలలుగా ఆమెకి శుక్రవారం 5 గంటలకే నెట్ పోతోంది. మేం ఎవరం అనుమానించలేదు.

మనుషుల_శాఖ
ఇంకో గుంపు ఉంది, ఎవరూ తలచుకోరు. కాంట్రాక్టు వాళ్ళు. అదే టీమ్, అదే పని, బ్యాడ్జి రంగు వేరు. అందరికీ దీపావళి బాక్స్ కొరియర్ చేస్తే వాళ్ళకి వెళ్ళదు, ఎందుకంటే వాళ్ళు వెండర్ (బయటి కంపెనీ) మనుషులు. మా దగ్గర ఒకతను టీమ్ చాట్‌లో అందరూ పెట్టిన బాక్స్ ఫొటోలకి ఒక్కొక్కదానికీ లైక్ కొట్టాడు. తనకి రాలేదని నాకు తెలిసింది మూడు వారాల తర్వాత. ఈసారి నేనే గొడవపడి అందరికీ పంపించాను.

అనకాపల్లి_బెల్లం
సరే, నేను నా మాట కొంచెం సవరించుకుంటాను. అయిదు రోజులూ పిలవడం అందరికీ కుదరదు. కానీ ఏడాదికి ఒక్కసారైనా కలవకుండా ఎలా? ముఖం చూసి, కలిసి భోజనం చేసిన మనిషితో తర్వాత ఫోన్‌లో గొడవపడినా భయం ఉండదు. చూడని మనిషి "ఓకే." అని ఫుల్‌స్టాప్ పెట్టి రాస్తే కోపం వచ్చిందేమో అని రోజంతా ఆలోచిస్తాం.

లెక్కల_మాస్టారు
ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. వర్డ్‌ప్రెస్.కామ్ నడిపే ఆటోమాటిక్ 2005లో మొదలైనప్పటి నుంచీ మనుషులు తలో దేశంలో ఉండి పనిచేసే కంపెనీ. వాళ్ళు కూడా ఏటా అందర్నీ ఒకచోటికి పిలిచేవాళ్ళు. గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మరో పద్ధతి చేసింది. కంపెనీలో ఏ పని ఎలా చేయాలో అంతా ఒక హ్యాండ్‌బుక్‌లో రాసి, ఎవరైనా చదివేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. వేల పేజీలు. కొత్తగా చేరినవాడు ఎవర్నీ బతిమాలకుండా చదువుకోవచ్చు. ఆ రాత కూడా ఒక రకంగా మర్యాదే.

బీపీవో_పదేళ్ళు
ఏడాదికోసారి రిసార్ట్‌కి తీసుకెళ్ళి రెండు రోజులూ పీపీటీలు చూపించే కంపెనీలూ ఉన్నాయి మాస్టారూ. కలవడం అంటే కూర్చుని మాట్లాడుకునే టైమ్ ఉండాలి.

పలాస_జీడిపప్పు
నేను తొమ్మిదేళ్ళుగా లీడ్‌ని, అందులో అయిదేళ్ళు పైగా రిమోట్. ఏం చేస్తానో రాస్తాను, మీకు పనికొస్తే తీసుకోండి.

నా దగ్గర ఒక పాత రూల్డ్ నోట్‌బుక్ ఉంది. ఒక్కొక్కరికి రెండు పేజీలు. అందులో పని గురించి ఏమీ రాయను. "పాపకి ఏప్రిల్‌లో పరీక్షలు", "అత్తగారికి కంటి ఆపరేషన్, శ్రీకాకుళంలో", "కొత్త ఇల్లు, బోరు పడలేదు" ఇలాంటివి. వాళ్ళు చెప్పినవే రాస్తాను, తవ్వి అడగను. రెండు వారాలకోసారి ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు, వీడియో లేకుండా, ఫోన్‌లో. నేను డాబా మీద నడుస్తూ మాట్లాడతాను, వాళ్ళనీ నడవమంటాను. స్క్రీన్ ముందు నుంచి లేస్తే గొంతే మారిపోతుంది. మొదటి పది నిమిషాలు పని మాట ఎత్తను. "బోరు పడిందా?" అని అడుగుతాను. అంతే, మిగతాది వాళ్ళే చెప్తారు.

రెండోది, టీమ్‌లో ఇద్దరిద్దర్ని జోడీ కడతాను. మూడు నెలలకోసారి జోడీ మారుతుంది. ఒకరి కోడ్ ఒకరు చూడాలి, ఒకరు సెలవైతే రెండోవాళ్ళకి తెలియాలి. 11 మందిని నేనొక్కదాన్నే చూడలేను. ఎవరో ఒకరు మాత్రం ప్రతి ఒక్కరి సంగతీ చూస్తూ ఉండాలి.

మూడోది, ఒక్కరు రిమోట్‌లో ఉన్నా అందరూ ఎవరి లాప్‌టాప్ నుంచి వాళ్ళే కాల్‌లోకి రావాలి. ఆఫీసులో ఆరుగురు ఒకే రూమ్‌లో కూర్చుని మాట్లాడుకుంటుంటే ఇంట్లో ఉన్నవాడికి కుర్చీల చప్పుడు తప్ప ఏమీ వినబడదు.

తంబోలా నేనూ పెట్టాను, ఆడాం, బాగానే ఉంది. పని గంటల్లో పెట్టండి. శుక్రవారం 5 దాటాక ఎవరి ఇంట్లో వాళ్ళకి పని ఉంటుంది.

టెస్టర్_రావు
పలాస గారూ, మీ నోట్‌బుక్ గురించి ఒక్కటే భయం. అప్రైజల్ టైమ్‌లో "ఇతనికి ఇంట్లో ఇబ్బందులు, పెద్ద పని ఇవ్వలేం" అని ఎవరైనా దాన్ని వాడుకుంటే?

పలాస_జీడిపప్పు
@టెస్టర్_రావు న్యాయమైన భయమే. అందుకే అది కంప్యూటర్‌లో లేదు, కాగితం మీద ఉంది. మా ఇంట్లో పోపుల డబ్బా పక్కన ఉంటుంది. మా మేనేజర్ ఒకసారి అడిగాడు, ఇవ్వలేదు. ఎవరైనా టీమ్ మారితే వాళ్ళ రెండు పేజీలు చించి పొయ్యిలో పడేస్తాను.

టెస్టర్_రావు
అయితే ఓకే. మీ టీమ్‌లో ఖాళీ ఉంటే చెప్పండి.

మునేరు_గట్టు
మూడు రోజులు ఇటు రాలేకపోయాను, క్షమించండి. అన్నీ చదివాను. పలాస గారు చెప్పిన రోజు రాత్రే ఫోన్ చేశాను. "ఎలా జరిగింది?" అని అడిగాను. నలభై నిమిషాలు మాట్లాడాడు. నేను ఊఁ కొట్టడం తప్ప ఏమీ అనలేదు.

తెలిసిన సంగతి ఏమిటంటే, అతను ముందే చెప్పాడు. నాన్నగారు పోయిన రోజు పొద్దున్నే లీడ్‌కి వాట్సాప్‌లో పెట్టాడు. ఆ లీడ్ నేను కాదు, నాకు ముందున్నాయన. ఆయన అప్పటికి కంపెనీ మారిపోయాడు. లీడ్ మారాడని అందరికీ వెళ్ళిన మెయిల్ ఇతను చూడలేదు. నేను వచ్చాక ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి ఉంటే నా నంబర్ ఉండేది, చేయలేదు. పాతాయన "ధైర్యంగా ఉండు" అని జవాబు ఇచ్చాడు, టీమ్‌కి తెలిసే ఉంటుందనుకున్నాడు. పన్నెండు రోజులూ ఈ అబ్బాయి, మా అందరికీ తెలుసు, ఎవరూ ఒక్క ఫోన్ కూడా చేయలేదు అనుకుంటూ ఉన్నాడు. పోర్టల్‌లో మనుషుల_శాఖ గారు అన్నట్టే "పర్సనల్" అని ఉంది.

ఇంకో మాట చెప్పాడు, అది వదలడం లేదు నన్ను. అయిదో రోజు నాన్నగారి ఫొటో ముందు దీపం వెలిగిస్తుంటే ఫోన్ మోగిందట. ఆఫీసు వాళ్ళెవరో పలకరిస్తున్నారనుకుని తీశాడట. "మీ టికెట్ గడువు దాటింది" అని మా పనుల సాఫ్ట్‌వేర్ జిరా నుంచి నోటిఫికేషన్.

ఆ టికెట్ నేను పెట్టిందే.

నల్లగొండ_నిర్మల
...

కొత్త_కుర్రాడు_24
సార్, సెలవులో ఉన్నవాళ్ళకి ఆటోమేటిక్ రిమైండర్లు వెళ్ళకుండా సెట్ చేయవచ్చు. లీవ్ క్యాలెండర్‌తో కలపాలి. కావాలంటే ఎలా చేయాలో రాసి పంపుతాను.

మునేరు_గట్టు
@కొత్త_కుర్రాడు_24 తప్పకుండా పంపు బాబూ. నేను చేతకాక ఆ రోజుకి అతని టికెట్లు మొత్తం నా పేరు మీదికి మార్చుకున్నాను.

మిగతా పన్నెండు మందికీ ఈ మూడు రోజుల్లో విడివిడిగా ఫోన్లు చేశాను. ఒడియా అమ్మాయితో కూడా మాట్లాడాను. అంత్యాక్షరి గురించి అడిగితే నవ్వింది. ఆమె వాళ్ళ నాన్నకి బడాదండ (జగన్నాథ గుడి ముందు పెద్ద వీధి) దగ్గర ఖాజా కొట్టు ఉందట, పూరీలో. ఏడు నెలలుగా కలిసి పనిచేస్తున్నాం, ఆమెది పూరీ అనే నాకు తెలియదు.

ఆదివారం నేను, విశాఖ అతను, ఇంకో ఇద్దరం ఆ అబ్బాయి వాళ్ళ ఊరు వెళ్తున్నాం, ప్రకాశం జిల్లాలో. రమ్మంటావా అని అడిగాను. కాసేపు ఆగి, "అమ్మ సంతోషిస్తుందండీ" అన్నాడు. నేనెప్పుడూ ఇలా పరామర్శకి పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళలేదు, ఎప్పుడూ మా అమ్మ పక్కనుండేది. ఏమైనా తీసుకెళ్ళాలా?

పలాస_జీడిపప్పు
పళ్ళు పట్టుకెళ్ళండి చాలు. స్వీట్లు వద్దు. వాళ్ళమ్మగారి దగ్గర కాసేపు కూర్చోండి. కొడుకు పనిలో ఎలాంటివాడో ఆవిడకి చెప్పండి, మీరు తప్ప ఆవిడకి ఆ మాట చెప్పగలవాళ్ళు లేరు. బయల్దేరేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకండి. ఊరికే లేచి వచ్చేయాలి.

మునేరు_గట్టు
అలాగే అండి. మా వాళ్ళకి కూడా చెప్తాను. విశాఖ అతను ప్రతి కాల్ చివర మూడు సార్లు బై చెప్తాడు.